లూప్ లైన్

పగలంతా రైల్ నిలయంలో నా పని
ఒకే పట్టాల మీద రెండు బళ్లు ఎదురుపడకుండా
నిమిషాలు సర్దడం.
ఏది ముందు పోవాలి, ఏది లూప్ లైన్లో ఆగాలి,
ఆగినదానికి కోపం రాకుండా ఎంతసేపు.

రాత్రి మారేడుపల్లి మేడమీది గదిలో
అదే పెన్సిల్‌తో ఇంచుమించు అదే పని.
మా మాస్టారి వీణలో నలభై ఏళ్లు ఒంటరిగా తిరిగిన
సహాన కీర్తన ఒకటి
నలుగురికి పంచాలి:
వయొలిన్, వయొలా, చెల్లో, క్లారినెట్.

పంచడమంటే ఏమిటో
అన్నదమ్ములున్న ఇళ్లకు తెలుసు.
బిందె ఇవ్వొచ్చు, మంచం ఇవ్వొచ్చు,
బావి నీళ్లలో ఎవరి వాటా ఎంత?

పల్లవి పేరిందేవికి రాశాను.
అనుపల్లవి క్లారినెట్‌కి, ఒక మెట్టు పైకెత్తి.
దానికి రాసేదొకటి, పలికేదొకటి,
మా ఆఫీసు సర్క్యులర్‌లాగ.
తంబుర పని చెల్లోకి అప్పజెబితే
దేవకృప గారు కళ్లజోడు మీంచి చూసి
"నేను స్తంభాన్నా అమ్మా?" అన్నారు.
ఆ రాత్రే చరణంలో ఆయనకో కిటికీ తెరిచాను,
రెండావర్తాల వెడల్పున.

మృదంగం లేదు.
మరి తాళం ఎవరి జేబులో పెట్టాలి?
మిశ్రచాపు అన్నాను నేను.
సెవెన్ ఎయిట్ అన్నాడు లాలాగూడ డెంజిల్,
వయొలా గడ్డం కింద సర్దుకుంటూ.
అఫ్జల్‌గంజ్ పెళ్లి బ్యాండులో ముప్పై ఏళ్లు ఊదిన జహంగీర్ భాయ్
"అరే, ఇది రూపక్ కదా" అన్నాడు.
మా రూపకం ఆరు, ఆయన రూపక్ ఏడు.
పేరు మీద పది నిమిషాలు పోట్లాడుకున్నాం.
కింద చూస్తే
నాలుగు జతల పాదాలూ ఒకేచోట నేలను తడుతున్నాయి.

అంతా కుదిరింది, గాంధారం తప్ప.

అది స్వరం కాదు, ఒక వాలు.
మాస్టారు దాన్ని మీటినప్పుడు
వేలు మెట్టు మీద ఉండేది, చూపు వీధి గుమ్మం మీద,
వచ్చినవాళ్లెవరో
చెప్పులు విప్పకుండానే వెళ్లిపోయినట్టు.
అయిదు గీతల మీద ఒక నల్లచుక్క పెట్టి
ఇదే అది అని ఎలా సంతకం చెయ్యను?
వంకరగీత గీశాను. చెరిపాను.
అవతలి పేజీ కనిపించేదాకా చెరిపాను.
చివరికి గీతల పైన తెలుగులో రాశాను:
'ఇక్కడ అడగబోయి మానుకోవాలి.'

ఆదివారం రిహార్సల్.
డెంజిల్‌కి తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు.
జహంగీర్ భాయ్‌కీ అంతే.
పేరిందేవి చదివి వినిపించింది.
ఆయన ఒక్క క్షణం క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని,
చొక్కా జేబులోంచి పెన్ను తీసి
గీతల కింద, కుడినుంచి ఎడమకి,
ఉర్దూలో ఏదో రాసుకున్నాడు.
ఏం రాశారంటే,
"మీరన్నదే. కాకపోతే మా ఇంట్లో అనే తీరులో."

వంగి చూశాను.
నా అక్షరాలు ఇటునుంచి, ఆయన అక్షరాలు అటునుంచి
వచ్చి వచ్చి గాంధారం దగ్గర
పక్కపక్కనుంచి దాటిపోతున్నాయి.
ఇరవై రెండేళ్ల సర్వీసులో
సింగిల్ లైన్ మీద ఇంత మంచి క్రాసింగ్
నేనెప్పుడూ వెయ్యలేదు.

మొదటిసారి క్లారినెట్ తొందరపడింది.
రెండోసారి వయొలా తప్పిపోయి ఎటో పోయింది.
మూడోసారి, కింద నీళ్ల ట్యాంకరు మోటారు
మా శ్రుతికి అర మెట్టు తక్కువలో రొద పెడుతుండగా,
ఆ చోటికొచ్చి నలుగురూ ఆగారు.
విరామం నేను రాయలేదు.
దేవకృప గారి కమాను గాలిలోనే ఉంది.
ఎంతసేపో లెక్కపెట్టలేదు, లెక్కే నా బతుకుతెరువైనా.

స్కోరులో అక్కడ గుర్తు పెట్టాలో వద్దో
ఇంకా తేల్చుకోలేదు.
సోమవారం మాత్రం
ఒక పాసింజరును లూప్ లైన్లో
అవసరమైన దానికన్నా రెండు నిమిషాలు ఎక్కువ ఆపాను, కాగితం మీదే.
పక్క సీటు నరహరి చూశాడు.
అడగబోయి మానుకున్నాడు.