పీస్ స్టేషన్

నాపరాయి మీద సుద్దముక్కతో రాస్తా నేను.
మా ఇంట్లో పలక అదే.
వాకిలి దాటినాక రెండో బండ, నల్లది,
గీత బాగ కనపడ్తాది, తడిగుడ్డ పెడ్తే పోతాది.
అన్నం. కరెంటోడొచ్చినాడు. బీపీ మాత్ర.
ఆయన వొంగి సదువుకుంటాడు, తలూపుతాడు.

మొదుట్లో అరిచేదాన్ని.
మొదటి అప్పీలు కొట్టేసినారని గూడా అరిచే సెప్పినా,
కరెంటు పోయి పాలిషింగ్ మిషన్లు ఆగిన పూట.
"పంతొమ్మిదేనంట! ఇరవై లేదంట!"
ఎర్రగుంట్ల రైలు గేటు కాడికి ఇనపడింది,
ఆయనకు తప్ప అందరికీ.

కాగితం ఇంగ్లీషులో వస్తాది.
కడప సైనిక్ ఆఫీసులో మహబూబ్ పీరా సారు
కండ్లద్దాలు నొసటికెత్తి తెలుగు చేస్తాడు:
"మాజీ నాయక్ గంగుల ఓబుళేసు వినికిడి లోపం
పీస్ స్టేషన్‌లో ఉండగా బయటపడినందున
సైనిక సేవ వల్ల కలిగినదీ కాదు,
సైనిక సేవ వల్ల పెరిగినదీ కాదు."
పీస్ అంటే శాంతి గదా సార్, అంటి.
అవునమ్మా, అన్యాడు.

ఆ శాంతిలో పొద్దున ఆరింటి నుంచీ ఫిరంగి.
ఇసకదిబ్బ మీదికి గురి, అవతల శత్రువు లేడు.
దినానికి అరవై గుండ్లు.
చెవుల్లోకి దూది ఇచ్చినారంట,
అదీ దాచిపెట్టుకోని మళ్లా వాడుకోమని.
యుద్ధమైతే రాసేవాళ్లే, అంటాడాయన,
నేను పోయింది శాంతికి.

ఇంగో కాగితంలో ఇంగో మాట:
పుట్టింది నాపరాయి గనుల పక్కన,
గనుల్లో తూటాలు పేలుస్తారు గనక
చెవుడు ఊర్నించే తెచ్చుకోని ఉండొచ్చునని.
ఆఫీసులో నవ్వొచ్చింది నాకు.
బస్సులో, యర్రటి ఎండలో, ఏడుపొచ్చింది.

పద్దెనిమిదేండ్ల పిల్లోన్ని గుంటూరు మైదానంలో
గోడకు మొగం పెట్టి నిలబెట్టి
ఇరవై అడుగుల ఎనకాల నుంచి
డాక్టరు గుసగుసలాడినాడంట: తొంభై నాలుగు.
ఈయన, "తొంభై నాలుగు సార్!"
ఆ గుసగుస యాడో ఒక ఫైల్లో ఉండాలి గదా.
పీరా సారు ఎనిమిది ఉత్తరాలు రాసి తెప్పించినాడు,
చేరిన నాటి కాగితం,
రెండు చెవులకెదురుగా ఒకటే మాట, నార్మల్.
దాన్నే దబ్బనంతో కుట్టి
రెండో అప్పీలు పంపితిమి.

రెండేండ్లు.
మధ్యలో సిమెంటు ఫ్యాక్టరీవాళ్లు
రేత్రి కాపలా పనిలోంచి తీసేసినారు,
లారీ హారనిస్తే ఇనపడదు, నీతో ఏం పని, అని.
వాళ్లకు ఏ మెడికల్ బోర్డూ అక్కరలేకపాయె.

మొన్న శుక్రవారం వచ్చింది.
నేను అరవలే.
ఇల్లు కడిగి, బండ ఆరినాక రాస్తి: ఇరవై.
ఆయన దాన్ని చూసినాడు, నన్ను చూసినాడు.
"ఎందుకంట?"
పింఛను లెక్క రాస్తి.
మూడేండ్ల బకాయి ఇస్తారని రాస్తి.
మిగతా తొమ్మిదేండ్లు ఏ శాంతిలో కలిసినాయో రాయలే.
తల అడ్డంగా ఊపినాడు.
"అది గాదు మే. చెవుడు ఎందుకొచ్చిందంట?"

అప్పుడు పీరా సారు తెలుగు చేసిన ముక్కంతా
ఒక బండ చాలక పక్క బండ మీదికి జరిగి రాస్తి:
ఈ లోపం సైనిక సేవ వల్లనే
కలిగినదిగా అంగీకరించడమైనది.

చెప్పులిడిచి దాని పక్కన గొంతుక్కూచున్నాడు.
శానాసేపు.
ఏలితో అక్షరాల మీద పోతాడు, తాకడు.

రేత్రి పండుకోని అడిగినాడు:
"మిషన్లు నడుస్తాండాయా?"
కరెంటు లేదు. ఊరంతా గమ్మునుండాది.
లేదని చెయ్యి ఊపితి.
"నా తలకాయలో నడుస్తాండాయి" అన్యాడు,
ఇరవై పోగా మిగిలిందెంతో లెక్కేస్తాండేవాని మాదిరి.

నాలుగు దినాలైంది.
ఆ రెండు బండలూ తుడవనీడు.
పాలామె దాటుకోని వస్తాంది.
నేను మూడో బండ మీద రాస్తాండా,
అన్నం, అని.