వాటం

రాత్రి రెండింటికి మళ్ళీ మొదలు.
సూ... అని సన్నగా,
పాలు పొంగబోయే ముందు చప్పుడులా.
ఫ్లష్ ట్యాంకు నిద్రపోదు, నన్నూ పోనివ్వదు.
తెల్లారేసరికి మేడ మీద సింటెక్స్ ఖాళీ.
మోటరు వేద్దామంటే కరెంటు లేదు.

కొల్లాబత్తుల జోజికి ఫోన్ చేశాను.
"ఆయ్, మొగల్తూరులో ఉన్నానండి, రొయ్యల చెరువు కాడ.
పది రోజులు పట్టుద్దండి.
అదేం పెద్ద పని కాదు, బుడగ విప్పి చూడండి."
మా రాజోలు పైపుల పనోళ్ళంతా
ఇప్పుడు రొయ్యలకే గాలీ నీళ్ళూ అమరుస్తున్నారు.
మనుషులు ఆగాలి.

బుడగ విప్పాలంటే అడుగున నట్టు తియ్యాలి.
నట్టు గోడకీ ట్యాంకుకీ మధ్య, నాలుగు వేళ్ళ సందులో.
కుడిచెయ్యి మణికట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది.
ఎడమచెయ్యి వెళ్ళింది.

ఈ చెయ్యే.
దీనితో ముద్ద కలిపానని
నాయనమ్మ అట్లకాడ తిరగేసి కొట్టింది.
దీనితో పలక మీద రాశానని
మేష్టారు వేళ్ళ మధ్య పుల్ల పెట్టి నొక్కారు.
పెళ్ళిచూపుల్లో కొంగు చాటున దాచుకోమన్నారు.
"దొడ్డికి తప్ప దేనికీ పనికిరాదు" అనేవాళ్ళు.
నిజమే. దొడ్డికి పనికొచ్చింది.

బుడగ మెడ చుట్టూ ఉప్పు
తెల్లగా, చేప పొలుసులా.
మా బోర్లో సముద్రం ఎప్పుడో వచ్చి కూర్చుంది,
టీ విరిగినప్పుడల్లా గుర్తుచేస్తుంది.
ఇత్తడి బిందెకి వాడే చింతపండే పిసికి నానేశాను.
వాషరు మాత్రం కొత్తది, ఎనిమిది రూపాయలు.
"మీ ఆయన్ని పంపలేకపోయారా" అన్నాడు కొట్టతను.
మా ఆయనకి నట్టు ఎటు తిరుగుతుందో తెలీదని చెప్పలేదు.
చిల్లర లెక్కపెట్టుకుని వచ్చేశాను.

చప్పుడాగింది.
కానీ పోసిన నీళ్ళు పోవు.
చెప్పబోయి మానుకున్నవాడిలా
గుడగుడమని అంచుదాకా వచ్చి, ఆగి, నెమ్మదిగా దిగుతాయి.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
మా లంకల్లో పల్లమెక్కడో నీటికీ అనుమానమే.
కాలువ నిండితే అంతా ఒకటే మట్టం,
చేనూ, రోడ్డూ, సెప్టిక్ ట్యాంకూ.

మళ్ళీ ఫోన్.
"వాటం చూడండమ్మా" అన్నాడు జోజి, మోటర్ల హోరులోంచి.
"పైపుకి వాటముండాలి."
ఇన్నేళ్ళూ ఆ మాట నన్ను తిట్టడానికే విన్నాను.

తెల్ల గొట్టంలో నీళ్ళు పోసి
ఒక కొస పక్కింటి కెజియాకిచ్చి గోడవతల నిలబెట్టాను.
పిల్ల నవ్వితే నీళ్ళు ఊగాయి, మళ్ళీ పట్టాం.
దొరికింది:
మధ్యలో పైపు రెండు వేళ్ళు కుంగి పొట్ట వేసుకుంది.
తప్పు మేస్త్రీది కాదు.
గోదారి తెచ్చి పోసిన ఒండ్రు,
ఇంకా సర్దుకుంటూనే ఉంది.

పారతో తవ్వి, పైపు లేపి,
కింద ఇటుక ముక్కలూ ఇసకా దట్టించాను.
కదిలిన కమోడు పాదం చుట్టూ తెల్ల సిమెంటు మెత్తాను.
ఒక రోజు ఎవరూ కూర్చోకూడదు.
మా ఆయన తువ్వాలు భుజానేసుకుని
చెప్పకుండానే తమ్ముడింటి దారి పట్టాడు.
సిమెంటు మీద నా వేళ్ళ గుర్తులు పడ్డాయి.
నునుపు చెయ్యలేదు.

సాయంత్రం జోజీయే చేశాడు.
"పోతున్నాయాండి?"
పోతున్నాయన్నాను.
"కాలువ తగ్గేదాకా అప్పుడప్పుడు గుడగుడలాడుద్ది, కంగారుపడకండి.
ఇక్కడ ఒక మనిషి తక్కువయ్యాడండి, వస్తారేంటి?"
నవ్వాడు.

కూలెంత అని అడిగాను.