ఇరవయ్యెనిమిదిన్నర

చండూరు బస్టాండెనుక నా మిషను.
ఝాన్సీ అనే పిల్ల నెలల మూడోసారి
అదే డ్రెస్సు పట్టుకొచ్చింది.
"ఇంక జర వదులు చెయ్యక్కా,
బస్సుల అందరు నన్నే చూస్తున్రు."

టేపు ఏస్తే నడుము ఇరవయ్యెనిమిదిన్నర.
మొన్న గూడ అంతే. అటుమొన్న గూడ.
టేపు ఆమె చేతికే ఇచ్చి సదువుమన్న.
సదివింది.
"నీ టేపు సాగింది గావచ్చు" అన్నది.

నవ్వొచ్చింది. నవ్వలే.

ఎవలన్నరే నిన్ను, అని అడిగిన
గుండుపిన్ను పండ్ల నడుమ పట్టుకొని.
ఎవలనలేదట.
జరసేపాగి, దారం తెగి నేను సూదిల ఎక్కిస్తుంటె
దారానికి చెప్పినట్టు చెప్పింది:
ఆరో తరగతిల ఫొటో దిగేనాడు
సారు "గా గున్నేనుగును ఎనుక నిలవెట్టుండ్రి" అన్నడట.
అందరు నవ్విన్రు. తనూ నవ్వింది.
ఫొటోల తన మొకం లేదు,
ఎవరిదో రిబ్బను పక్కన ఒక చెవి కొస.
ఇప్పుడు ఫోన్ల ఏలితో రుద్దితె దవడ సన్నగైతది.
ఫోను పక్కనవెట్టి అద్దం జూస్తె
దవడ మళ్లొస్తది, అప్పులోడొచ్చినట్టు.

నా సంగతి ఆమెకు చెప్పలే.

మాది మర్రిగూడ దిక్కు.
బోరునీళ్లు తాగి తాగి మా అమ్మ నడుము వంగింది.
ఆమె రైకెకు ఈపు దిక్కు
రెండించులెక్కువ గుడ్డ పెడ్తుంటి.
నాకు ఆ రోగం రాలే.
నల్లగొండ డాక్టరు ఫిలిమును కిటికీకి పట్టి
"జొన్నదంటు లెక్క ఉన్నదమ్మా నీ ఎన్నుపూస" అన్నడు.
ఆ ఫిలిమ్ బీరువల, చీరెల కింద భద్రంగున్నది.
అయినా
నాకంటె మూరెడెత్తున్న దర్వాజల కెల్లి పోంగ
తల వంచుత.
బంగారం దుకాణం అద్దంల
నా సంచి పట్టుకొని మా అమ్మ పోతుంటది.

ఝాన్సీ డ్రెస్సు నేను విప్పలే.
సూదికి దారం లేకుండ
గీ కొసకెల్లి గా కొసకు మిషను తొక్కి ఇచ్చిన.
పరదా ఎనుక తొడుక్కొని వొచ్చి
"ఇగో, ఇప్పుడు ఊపిరాడుతున్నది" అన్నది.
ఇరవై రూపాలియ్యబోతె వొద్దన్న.
ఎల్లుండి మళ్ల వస్తదని ఎరికే.

ఆమె బస్సెక్కినంక
టేపు తీసి బల్ల మీది ఇనుప స్కేలుకు ఆనించి చూసిన.
సాగలేదు.

లైటేసి
మళ్లొకసారి ఆనించిన.