నాలుగో కిటికీ

రుస్తవిలో ఉక్కు కర్మాగారం గొట్టాలు
పొగ మానేసి చాలా ఏళ్ళైంది.
ఆ పొగంతా ఇప్పుడు
మనుషులై నా కిటికీ ముందు వరుస కడుతుంది
ప్రతి మంగళవారం.

అద్దంలో గుండ్రటి చిల్లు.
అందులోంచి ఒక్కొక్కరి బతుకు
సన్నటి పుస్తకమై లోపలికొస్తుంది.
పని పుస్తకం అంటారు దాన్ని.
అట్ట మీద గ్రీజు, టీ మరక,
ఒకసారి చేప పొలుసు.
చదవడం, కూడడం, ముద్ర కొట్టడం నా వంతు.
ముద్ర లేని ఏడాదికి సున్నా.

ఈ ఉదయం జుంబర్ పుస్తకం.
మొదటి పేజీలో గుండ్రటి చేతిరాత:
క్రేన్ ఆపరేటర్, మూడో షెడ్డు.
కింద ఇంకో సిరాలో, సీనియర్ క్రేన్ ఆపరేటర్.
ఆ తర్వాత పేజీలు
ఎవరూ తొక్కని మంచులా ఉన్నాయి.

"ఈ పదకొండేళ్ళూ ఏం చేశారు?"
"చేయనిది అడుగు తల్లీ,
తొందరగా తేలిపోతుంది."

కరెంటు లేని చలికాలం
మా షెడ్డు రేకులే కోసి కిరసనాయిలు పొయ్యిలు చేశాడట.
ఊళ్ళో అందరికీ పొయ్యిలయ్యాక
స్టేషన్ మెట్ల మీద పొద్దుతిరుగుడు గింజలు.
ఒక వేసవి సరిహద్దు దాటి
తుర్కియే కొండల్లో టీ ఆకు కోశాడట,
పక్క వరుసలో ఆడవాళ్ళు నవ్వారట,
రెండో వారానికి వాళ్ళే
నడుముకి కట్టుకోమని శాలువా ఇచ్చారట.
"స్నేహితుల శవపేటికలూ మోశాను.
దానికి డబ్బు తీసుకోలేదు, రాసుకోకు."
ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో లిఫ్టులు బాగుచేస్తాడు.
"అప్పుడు ఇనుము ఎత్తేవాణ్ణి,
ఇప్పుడు ఇరుగుపొరుగుని."

ఋజువు కావాలన్నాను.
కోటు జేబులోంచి గాజు గ్లాసు తీశాడు,
గింజలు కొలిచిన గ్లాసు.
అడుగున మడిచి కుక్కిన అట్టముక్క.
"కొలత తగ్గాలిగా! కొంచెం మోసం.
కావాలంటే అదీ రాసుకో."
అట్టముక్క మీద సగం అక్షరాలు కనిపించాయి.
ఉత్తమ కార్మికుడికి ఇచ్చే
ప్రశంసాపత్రం అంచు.

సున్నా వేశాను.
ఇంకేం వేయగలను?

ఆయన వెనక జాయిరా.
నైలాను దారాల ప్రయోగశాలలో రసాయనాలు కలిపేది,
తర్వాత పద్నాలుగేళ్ళు ఇటలీలో, బారీ ఊళ్ళో.
ఆ పద్నాలుగేళ్ళు ఏ పుస్తకంలోనూ లేవు.
మంచం దిగని ఒక ముసలామె వీపు మీద ఉన్నాయి,
ఒక్క పుండు కూడా లేకుండా.

జాయిరాకి తోడొచ్చిన మనవడు బేకా.
వాడికి పుస్తకమే లేదు.
నువ్వేం చేస్తావురా అంటే
"పగలా? రాత్రా?" అన్నాడు.

నేను చదివింది భూగర్భ శాస్త్రం.
ఈ కుర్చీ ఒక్క చలికాలానికే అన్నారు,
పందొమ్మిది చలికాలాలైంది.
ఫ్యాను గాలికి ఫారాలు ఎగరకుండా పెట్టిన నల్లరాయి
అందరికీ రాయే.
దాని అసలు పేరు, పుట్టిన పొర, లోతు
ఈ ఆఫీసులో నాకొక్కదానికే తెలుసు.
ఎవరూ అడగలేదు.
ఫారంలో ఆ గడి లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి
లిఫ్టు డబ్బాలో పది తెత్రీల బిళ్ళ వేశాను.
ఐదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది, దీపం పోయింది.
చేతిలో బంగాళదుంపల సంచి.
పైనుంచి ఎవరో అరిచారు:
"కదలకు! చేత్తో తిప్పుతున్నా!"
గొంతు పోల్చుకున్నాను.
నా గొంతు ఆయన పోల్చుకోకూడదని
బదులు చెప్పలేదు.

తాడు మూలిగింది.
జానెడు. ఇంకో జానెడు.
చీకట్లో నిలబడి
కూడుతూ ఉన్నాను.