ముందు ఎవరిని లేపాలి

"లైటు ఎలుగుతంది గానీ పలకదు" అన్నాడు
కాశీనగర్ ప్రెస్సులో గౌరాంగ పాత్రో.
రేపు మధ్యాహ్నానికి నాలుగొందల శుభలేఖలు,
ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు.

ఎఫ్ పన్నెండు మీద అచ్చు ఎప్పుడో అరిగిపోయింది.
వేలికి తెలుసు.
తలుపు కొట్టినట్టు కొడుతూనే ఉన్నాను.
నీలం తెర అడిగింది, ముందు ఎవరిని లేపమంటావని.
లోపలివాణ్ణి వద్దు,
తాళంచెవుల గుత్తికి వేలాడుతున్న వీణ్ణి,
గుణుపూర్‌లో కొన్న బొటనవేలంత ముక్కని.

పరాయి వంటింట్లో పొయ్యి రాజేసినట్టు
ఊది, ఊది,
టీ గ్లాసు చల్లారేక
లేచింది.

ఫైలు దొరికింది.
నా దాంట్లో ఆ లిపులు లేవు.
వరుడు గళ్ళు, వధువు గళ్ళు,
వంశాలు రెండూ గళ్ళు గళ్ళుగా.
ముహూర్తం ఒక్కటే అంకెల్లో మిగిలింది,
రాత్రి 2.47.
పాత్రో తెరకి ముక్కు ఆనించి
"ఇందులో పెళ్ళికూతురు ఏ గడి?"

చదవకుండానే కాపీ చేశాను.
ముక్క లాగితే మళ్ళీ చీకటి.
"అంటే బాగయినట్టా?"
"నేదు బాబూ. సామాను బయటికి తెచ్చాం.
ఇల్లు సంగతి తరవాత."

పర్లాకిమిడి బస్సు ఏడింటికి.
అక్కడ ఇంకో ప్రెస్సు, ఇంకో మిషను,
రెండు లిపులూ వచ్చినది.
రసీదు రాయమని
ఎవరిదో తప్పచ్చు పడ్డ శుభలేఖ
వెనక్కి తిప్పి ఇచ్చాడు.