మొదటి ఆదివారం, క్లీవ్‌లాండ్

ఎరీ సరస్సు మీంచి గాలి ఇంకా వెచ్చగానే ఉంది.
ఉతకని జెర్సీ తొడుక్కున్నాను.
పోయిన డిసెంబరు మస్టర్డ్ మరక
అలాగే ఉంది, పొట్ట దగ్గర.
ఉతికితే కలిసిరాదంటాడు స్టాంకో.
ఉతక్కపోయినా వచ్చిందేం లేదు.

మూడో క్వార్టర్ దాకా మేమే ముందు.
గొంతు పోయింది. పక్కసీట్లో ఎవడో,
వాణ్ణి వాటేసుకున్నాను, వాడి బీరు నా బూట్లలో.
తర్వాత కొత్త కుర్రాడి చేతిలోంచి బంతి
సబ్బుబిళ్లలా జారింది.

అరవై వేలమంది
ఒక్కసారే కూర్చున్న చప్పుడు.

పార్కింగ్‌లో బొగ్గులు ఆర్పుతూ
"ఈ జన్మకి మళ్లీ రాను" అన్నాడు స్టాంకో,
ఏటా అనే మాటే.
కారెక్కాక మెల్లగా అడిగాడు:
"వచ్చే వారం ఎవరితో?"

ఇల్లు చేరి జెర్సీని మాసిన బట్టల్లో పడేశాను.
అర్ధరాత్రి లేచి
మళ్లీ బయటికి తీశాను.