అర భుజం, ఒక చెవి

తొరోపిన్ గారూ,
నా కాడున్న మీ ఫొటోలో
అర భుజం, ఒక చెవి.
మిగతాదంతా ముందు నిలబడ్డ పెద్దాయన కోటు.
రంగు డబ్బాల కింద పరిచిన ఆదివారం పేపర్లో దొరికారు.
మీ మెడ మీద ఎర్రరంగు చుక్క పడితే
కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కత్తిరించి
బ్రష్షుల పెట్టె మూత లోపల అంటించా.

కందుకూరులో గోడలు రాసేవాణ్ణి, హజరత్తయ్యని.
గోడ చివర, కుడివైపు, బెత్తెడు కింద
'హజరత్ ఆర్ట్స్' అని సన్న బ్రష్షుతో పెడతా.
అది చూసే మళ్లీ పిలుస్తారు.

ఆ పేపర్లో ఉంది:
రష్యాలో ఏలే పార్టీకి నినాదం మీదే,
దాన్ని తిట్టే పార్టీకి తిట్టూ మీదేనంట.
ఆ పూట నాకు అన్నం సయించలా.
ముప్పై ఏళ్లుగా నేను చేసిందీ అదే గదా!
పొగాకు గొడౌను తూర్పు గోడ మీద 'గెలిపించండి',
పడమటి గోడ మీద 'ఓడించండి',
రెండు 'డి'లకీ గుడి ఒకటే వంపు.
మీకు కార్లూ కాపలాలూ.
నాకింకా పడమటి గోడ డబ్బులు రాలా.

టీ కొట్టు కాడ మీ సంగతే చెప్తుంటా.
"మన పెంచల్నాయుడు అట్టాంటోడే గదా"
అన్నాడు మేస్త్రి సుందరం.
ఒళ్లు మండింది.
పెంచల్నాయుడేంది,
ఎమ్మెల్యే కన్నా ముందు కారు దిగి
ఫొటోలోకి మెడ చాచే మనిషి!
మీరు లోకానికి ఒక్క చెవే ఇచ్చారు.

ఎవరో ఎక్కడో కాయితం మీద గీత గీస్తే
తెల్లారేసరికి మా ఊరు నెల్లూరు జిల్లా అయింది.
బడికీ, పశువులాసుపత్రికీ, ఎరువుల కొట్లకీ
ప్రకాశం చెరిపి నెల్లూరు రాసింది నేనే,
బోర్డుకి నూట ఇరవై.
నిచ్చెన మీద నిలబడి అనుకున్నా,
ఆ గీత గీసినోడి చెయ్యి ఎట్టుంటదో,
గోళ్ల సందుల్లో రంగుంటదో లేదో.

మీ మీద గౌరవంతో
పోయిన ఎన్నికలకు సంతకం మానేశా.
నలభై గోడలు, ఒక్కదానికీ పేరు లేదు.
ఓట్లు లెక్కపెట్టిన రోజు పామూరు రోడ్డెంట
నా అక్షరాల మధ్యనే నడుచుకుంటా పోయా,
ఎవరికీ తెలీదు.
అబ్బ, ఆ సుఖం చెప్పలేను.
ఆ తర్వాత ఏడు నెలలు ఫోను మోగలా.

మాలకొండమ్మ గ్రేడింగు పని నుంచి వచ్చి
చేతుల పొగాకు జిగట చింతపండుతో రుద్దుకుంటా
పెట్టె మూత వైపు చూసింది.
"తెర వెనక మనిషంటివే.
అంత వెనకుంటే
పేరు కందుకూరు దాకా ఎట్టా వచ్చింది?"

తడిబ్రష్షు వేళ్లతో పిండుతా ఉండిపోయా.
నిజమే సార్.
మిమ్మల్ని పేపర్లో ఎవరు రాయించారు?
ఆ కోటు వెనక మీరైతే
మీ చెవి వెనక నోరెవరిది?

మొన్న వానకి గొడౌను గోడ సున్నం కారింది.
'ఓడించండి' లోంచి
పదేళ్ల కిందటి 'గెలిపించండి' పైకి తేలి
రెండూ కలిసి ఏ మాటా కాలా.
మూలన మాత్రం బెత్తెడు కింద
పాత 'హజరత్ ఆర్ట్స్' చెక్కుచెదరలా.
స్కూటరాపి ఒకాయన అది చదివి
నన్ను వెతుక్కుంటా వచ్చాడు.
రొయ్యల మేత కొట్టుకి బోర్డు కావాలంట,
రెండు వైపులా ఒకటే మాట.

పోతున్నా సార్.
పెట్టె మూత వేస్తున్నా,
చెవి జాగర్త.